సికిందరాబాదులో నాకు కొసరు దొరకలేదు

నేను తిరిగొచ్చిన వారంలో మా తెనాలి బజారులో కనిపించిన ప్రతివాళ్ళూ అడిగిన మొదటి ప్రశ్న, "చార్మినారు చూశావా?" అని. చూడలేదు. "గోలకొండ?" అదీ లేదు. "పోనీ ట్యాంకుబండైనా చూశావుటే?" దాని మీదుగా ఒకసారి రిక్షాలో వెళ్ళాను గానీ, అప్పుడు రిక్షావాడితో కిరాయి తేల్చుకుంటూ ఉండటం వల్ల నీళ్ళవైపు తల తిప్పలేదు. "మరి నెలన్నరపాటు ఆ ఊళ్ళో ఏం చేశావమ్మా?" అంటే, ఆస్పత్రిలో రోగుల మంచాల పక్కన కూర్చుని పాడటం నేర్చుకున్నానని చెప్పాను. విన్నవాళ్ళు నన్ను వదిలేసి మా అత్తయ్య మొహంలోకి చూసేవారు, పిల్లకి ఒంట్లో ఎలా ఉందన్నట్టు. ఒక్కొక్కరికీ చిల్లరగా చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి టోకున చెబుతున్నాను.

బెజవాడ దాటాక

మాది పప్పుల కొట్టు. నాకు అక్షరాలు రాకముందే బేరం వచ్చింది. బి.ఏ. పాసయినా, సంగీతంలో పరీక్షలు నెగ్గినా, ఎవరైనా ధర చెబితే నా నోరు దానంతట అదే "ఎంతకి ఇస్తారు?" అంటుంది. నా హార్మోనియం సంగతే చూడండి. బెజవాడలో ఒక పాతసామాన్ల కొట్టులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బేరమాడి, కొట్టువాడు దణ్ణం పెట్టేదాకా దింపి కొన్నాను. ఇంటికొచ్చి వాయిస్తే ఒక మెట్టు మూగది. తగ్గించిన ధరకి సరిగ్గా తగినంత సంగీతం తగ్గించి ఇచ్చాడు.

సికిందరాబాదులో ఒక లేడీ డాక్టరు, యుద్ధకాలంలో మిలిటరీ ఆస్పత్రుల్లో పనిచేసినావిడ, సంగీతం తెలిసిన పట్టభద్రులకి రోగుల దగ్గర దాన్ని ఎలా వాడాలో నేర్పుతారని పేపర్లో చదివాను. అప్పటికి హైదరాబాదులో పోలీసు యాక్షన్ జరిగి రెండేళ్ళు దాటింది. అయినా మా ఇంట్లో ఆ ఊరి పేరెత్తితే గొంతులు తగ్గేవి. చివరికి మా మేనత్త శేషమ్మని తోడిచ్చి పంపారు. అత్తయ్య నాకు కాపలా అని మా నాన్న ఉద్దేశం. అత్తయ్యకి నేను కాపలా అని నాకు బెజవాడ దాటకముందే తెలిసింది.

ఖమ్మం దాటాక పెట్టెలో జనం మాటతీరు మారిపోయింది. మనం తుపానుకి ముందు, తుపాను తర్వాత అన్నట్టు, వాళ్ళు "యాక్షన్‌కి ముందుగాల", "యాక్షన్ అయినంక" అంటున్నారు. ఒక స్టేషన్లో సీతాఫలాల బుట్టతో ఒకామె కిటికీ దగ్గరకొచ్చింది. ఆమె చెప్పిన ధరకి అత్తయ్య సగం అడిగింది. "తీసుకోండ్రి అమ్మా," అని ఆమె మారుమాట్లాడకుండా బుట్ట లోపలికి అందించేసింది.

పళ్ళు తేనెలాగా ఉన్నాయి. కానీ అత్తయ్య వాటిని తింటూ కాజీపేట దాకా బాధపడుతూనే ఉంది. "పావలా వంతు అడగాల్సిందే సుశీలా! అంత తొందరగా ఒప్పుకుందంటే ఎంత నష్టపోయామో!"

హాలీ, కల్దార్

స్టేషను బయట రిక్షా అతను పద్మారావు నగర్‌కి ఎనిమిదణాలు అడిగాడు. నేను నాలుగు దగ్గర మొదలుపెట్టాను. సామాను రెండుసార్లు దింపి, రెండుసార్లు ఎక్కించి, ఆరణాలకి కుదిర్చాను. దిగాక డబ్బులిస్తే అతను వాటిని తిప్పి చూసి, సలాము పెట్టి, నా హార్మోనియాన్ని అడక్కుండానే మెట్ల మీదికి చేర్చాడు. ఊరంటే ఇలా ఉండాలి, బేరమాడినా మర్యాద చేస్తున్నారనుకున్నాను.

మేం గది అద్దెకి తీసుకున్న ఇంటావిడ రుక్కమ్మగారు అంతా వాకిట్లోంచి చూసింది. "ఏం పైసలిచ్చినవమ్మా?"

"ఆరణాలండీ. ఎనిమిది అడిగాడు."

"ఎంతని కాదు. ఏం పైసలు? హాలీయా, కల్దారా?"

ఆ ఊళ్ళో ఇంకా నిజాం వారి హాలీ డబ్బు చలామణిలో ఉంది. మన డబ్బుని కల్దార్ అంటారు, దానికి విలువెక్కువ. అతను అడిగింది హాలీలో, నేనిచ్చింది కల్దార్‌లో. మన ఆరణాలంటే అక్కడ ఏడు. అంత గొడవ చేసి నేను తగ్గించింది ఒక్క అణా. రుక్కమ్మగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పరేషాన్ గాకు బిడ్డా, కొత్తోళ్ళందరికీ గిట్లనే అయితది. జెర లోపలికొచ్చి అన్నం తినుండ్రి."

ఆ పూట అన్నంలోకి పచ్చిపులుసు. చింతపండు పిసికి, ఉల్లిపాయా, పచ్చిమిరపకాయా, కాస్త నువ్వుల పొడీ వేసి, పొయ్యి మీద పెట్టకుండానే వడ్డించింది. "కాచకుండా పులుసేమిటే?" అని అత్తయ్య నా చెవిలో గొణిగింది. మూడోసారి కూడా పోయించుకుంది. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారాలు అదే చేస్తోంది, తను కనిపెట్టినట్టు చెప్పుకుంటూ.

చెవులతో మొదలు

మా టీచరు మనోరమాబాయిగారు పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. ఇంగ్లీషూ, ఉర్దూ, తెలుగూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతారు. మొదటిరోజు ఫీజు కట్టేటప్పుడు నా నోరు ఊరుకోలేదు. "ఏమన్నా తగ్గించి తీసుకుంటారా అండీ?" అని అడిగేశాను. వెనకాల వరసలో వాళ్ళు నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "బేరం బాగా ఆడుతవా?"

"మాది కొట్టండీ."

"అయితే ఎదుటోని గొంతు ఎక్కడ వంగుతదో నీకు తెలుస్తది. ఈ పనికి సుత గా చెవే కావాలె. ఫీజు మాత్రం తగ్గదు. కట్టు."

కంటోన్మెంటు వైపున్న ఒక ఆస్పత్రిలో మా పాఠాలు. మేమంతా వీణలు, ఫిడేళ్ళు, హార్మోనియాలతో పెళ్ళి మేళంలా దిగాం. ఆవిడ వాటన్నిటినీ ఒక అలమారలో పెట్టించి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకున్నారు. "ఈ వారం పాడుడు లేదు, వాయించుడు లేదు. వినుడే."

మద్రాసు నుంచి వచ్చిన రంగాచారి అనే ఫిడేలు విద్వాంసుడికి కోపమొచ్చింది. "వార్డులో చప్పుడు తప్ప వినడానికి ఏముందండీ?"

"గా చప్పుడే పాఠం. ఎవరి ఊపిరి ఎంత తొందరగ నడుస్తున్నదో, ఎవరి మంచం ఎందుకు కిర్రుమంటున్నదో రోజూ సాయంత్రం నాకు చెప్పాలె."

ఆ వారంలో నాకు తెలిసిందేమిటంటే, అంతదాకా నేను చెవులని ధరలు వినడానికి మాత్రమే వాడానని. ఒక్కో మంచానికీ ఒక్కో నడక ఉంది. కిటికీ పక్కన ఒక కుర్ర సిపాయి వేళ్ళతో మంచం కమ్మీని పగలంతా కొడుతూ ఉండేవాడు. రెండో వారంలో మనోరమాబాయిగారు అతని పక్కన స్టూలు వేసుకుని, అదే కమ్మీ మీద సరిగ్గా అతనంత వేగంగా కొట్టడం మొదలుపెట్టారు. రోగిని ఇంకా రెచ్చగొడుతున్నారేమిటని మేం హడలిపోయాం. అతను ఆవిడవైపు చూశాడు. ఇద్దరి వేళ్ళూ కలిశాయి. అప్పుడావిడ వెంట్రుకవాసి, వెంట్రుకవాసి చొప్పున వేగం తగ్గించుకుంటూ వచ్చారు. అతని వేళ్ళు తెలియకుండానే వెంటవచ్చి, చివరికి దుప్పటి మీద ఆగిపోయాయి. అతను నిద్రపోయాడు.

మిగతావాళ్ళు ఇదేదో మహత్తు అనుకున్నారు. నాకు మాత్రం ఆ విద్య తెలిసిందే. ముందు ఎదుటివాడి ధర దగ్గరికి మనం వెళ్ళాలి. అక్కడ అతనితో కాసేపు నిలబడాలి. ఆ తర్వాత ఇద్దరం కలిసి కిందికి దిగాలి. మా నాన్న నలభై ఏళ్ళుగా కొట్టులో చేస్తున్నది అదే. సికిందరాబాదులో నేను మొదటిసారి గర్వపడింది ఆ పూటే, అదీ మా నాన్నని చూసి.

మూడో పాఠం ఇంకా చిన్నది. రోగికి బాగా తెలిసిన పాట పాడి, చివరి మాట దగ్గర మనం నోరు మూసుకోవాలి. వరస ఆపకూడదు, మాట మాత్రం వదిలెయ్యాలి. "ఖాళీ ఉంచుండ్రి. గా ఖాళీల మనిషి దిగుతడు," అనేవారావిడ. వినడానికి సులువుగానే ఉంది. పాడటం తెలిసినవాడికి నోరు మూసుకోవడమంత కష్టం ఇంకోటి లేదని చేసి చూశాకే తెలిసింది.

మదార్ సాహెబు మంచం దగ్గర

మూడో వారంలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క రోగిని అప్పగించారు. నాకు వచ్చినాయన మదార్ సాహెబు. భువనగిరి వైపు ఒక ఊళ్ళో గింజలు కొలిచే పని చేసేవాడు. యాక్షన్ రోజుల్లో ఊరు విడిచి, భార్య జైనాబీతో రాంగోపాల్‌పేట్ చేరి, రాజయ్య సేటు పప్పుల దుకాణంలో అదే పనికి కుదిరాడు. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మెల్లగా లేస్తోంది. నోరు మాత్రం రాలేదు. మాటలన్నీ అర్థమవుతాయి. తాను పలకబోతే "ఆ... ఆ..." అని ఆగి, గోడవైపు తిరిగిపోతాడు.

జైనాబీ రోజూ టిఫిను డబ్బాతో వచ్చేది. చక్కటి తెలుగు. వాళ్ళు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారట. మొదటిరోజే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, సేటు మంచోడే. దీపావళి దాకా ఆగుతా అన్నడు. దీపావళికి దుకాణంల కొత్త లెక్కలు షురూ అయితయి గదా. గా లోపట నోరు రాకుంటే ఇంకో మనిషిని పెట్టుకోక తప్పదన్నడు. నోరు లేంది కొలిస్తే కొనేటోళ్ళు నమ్ముతరా?"

ఆ మాట నాకు విడమర్చి చెప్పనక్కర్లేదు. గింజలు కొలిచేవాడు ప్రతి మానికకీ లెక్క పైకి పలకాలి. మూడో మానిక పోశాక నాలుగోది నిండేదాకా "మూడు, మూడు, మూడోయ్ మూడు" అని అంటూనే ఉండాలి. అమ్మేవాడూ, కొనేవాడూ ఇద్దరూ ఆ గొంతుని పట్టుకునే నిలబడతారు. గొంతు లేకపోతే కొలత లేదు, కొలత లేకపోతే ఆయనకి కూలి లేదు. దీపావళి మూడు వారాల్లోకి వచ్చేసింది.

నేను ధైర్యంగానే మొదలుపెట్టాను. అలమారలోంచి హార్మోనియం తీసుకుని కీర్తనలు పాడాను, జానపదాలు పాడాను, రుక్కమ్మగారి దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాటలు పాడాను. ప్రతిదానికీ చివరి మాట వదిలి చూశాను. ఆ ఖాళీలో ఎవరూ దిగలేదు. రంగాచారి ఒకరోజు వచ్చి అరగంట ఫిడేలు వాయిస్తే మదార్ సాహెబు మర్యాదగా కళ్ళు మూసుకుని, ఆ మర్యాదలోనే నిద్రపోయాడు. "చూశారా, ప్రశాంతత!" అన్నాడు రంగాచారి.

"ఏ పాటంటే ఇష్టం ఈయనకి?" అని జైనాబీని అడిగాను.

"పాటా? గీయనకా?" ఆమె నవ్వింది. "మా పెండ్లిల సుత నోరు తెరువలే. పాడేటోళ్ళని చూస్తే, వీళ్ళకు పని లేదా అనేటోడు. నీ మొహం చూసి ఊకున్నడు గానీ."

మదార్ సాహెబు సిగ్గుపడి దుప్పటి సర్దుకున్నాడు.

పాటలతో లాభం లేదని తెలిశాక కబుర్లలోకి దిగాను. మా వైపు కందులు ఎంత పలుకుతున్నాయో చెబితే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమచేతి వేళ్ళు చూపించి, ఇక్కడ ఇంత అని సైగ చేశాడు. అంత ధర ఎవరిస్తారని నేను వెక్కిరించాను. ఆయన మళ్ళీ వేళ్ళు చూపించాడు, ఈసారి ఒకటి ఎక్కువ! వార్డులో ఇద్దరం నోరు లేకుండా బేరమాడుకున్నాం. ఆయన ఒక్క వేలు కూడా దించలేదు. నాకు తెలిసిన బేరగాళ్ళలో ఇంత గట్టిపిండం లేదు.

ఆ సాయంత్రం అత్తయ్యకి పెసరపప్పు కావాలంటే రాంగోపాల్‌పేట్ వెళ్ళాను. ఒక దుకాణం ముందు సంచి పట్టుకుని బేరం మొదలుపెట్టబోతుంటే, లోపల ఎవరికో శనగలు కొలుస్తున్నారు. నేను వినేసరికి లెక్క నాలుగులో ఉంది. "నాలుగు, నాలుగు, నాలుగోయ్ నాలుగు..." అంకె మారినప్పుడల్లా గొంతు ఒక మెట్టు పైకెక్కి, మానిక నిండేదాకా కిందికి జారి, మళ్ళీ ఎక్కుతోంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడే. కానీ చెవులతో మొదలుపెట్టమన్న ఆ మొదటి వారం తర్వాత వినడం అదే మొదటిసారి. అది పాటే! మదార్ సాహెబు ముప్పై ఏళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పాడినవాడు. ఆ సంగతి ఆయనకీ తెలియదు, ఆయన భార్యకీ తెలియదు, గల్లాపెట్టె పక్కన పెరిగిన నాకూ తెలియదు.

పెసరపప్పు చెప్పిన ధరకే కొనేసి పరుగెత్తుకొచ్చాను. అత్తయ్య నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమొచ్చిందేమోనని.

లాభం, లాభం

రాత్రి ఆ వరసని హార్మోనియం మీద పట్టబోతే, గొంతు ఎక్కే చోటు సరిగ్గా నా మూగ మెట్టు మీదికి వచ్చింది. ఇక దాన్ని గదిలోనే వదిలేసి, మర్నాడు రుక్కమ్మగారి మానికా, ఒక సంచెడు కందులూ, పరవడానికి పాత పంచె పట్టుకుని వార్డుకి వెళ్ళాను.

నర్సమ్మ అడ్డం వచ్చింది. "ఇది వార్డా, దుకాణమా? చీమలు పడితే ఎవరు ఊడుస్తరు?"

"నేను ఊడుస్తా," అన్నారు వెనకనుంచి మనోరమాబాయిగారు. "జెర చూడనియ్యి సిస్టర్."

మంచం మీద పంచె పరిచి కందులు కుప్పపోశాను. మదార్ సాహెబు లేచి కూర్చున్నాడు. ఎడమచేత్తో కందులు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, రకం చూశాడు. ఫరవాలేదన్నట్టు మొహం పెట్టాడు. నేను మానిక ముంచి, మా నాన్న గొంతు తలుచుకుని, బజారు దద్దరిల్లేలా ఎత్తుకున్నాను.

"లాభం... లాభం... లాభమోయ్ లాభం..."

మా వైపు కొలతలో ఒకటి అనరు. మొదటి మానికకి లాభం అంటారు, ఆ తర్వాతే రెండు. ఆయన తల విదిలించి, చేత్తో మంచం మీద కొట్టాడు. తాళం వేస్తున్నాడనుకుని సంబరంగా ఇంకా గట్టిగా పాడాను. "రెండు..." అనేసరికి చెయ్యి చాచి మానిక లాక్కుని, పోసిన గింజలన్నీ మళ్ళీ కుప్పలో కలిపేశాడు. మొహం జేవురించింది. మెడ నరాలు ఉబ్బాయి.

ఊరూ, ఇల్లూ, అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనిషి ముందు కూర్చుని లాభం, లాభం అని అరుస్తున్నాను గదా! ఎంత బుద్ధిలేని పని చేశాననిపించింది. లేచిపోవడానికి సంచి అందుకున్నాను. ఆయన మానికని నా ఒళ్ళో పడేసి, కుప్ప వైపు వేలు చూపించాడు. మళ్ళీ కొలవమని. "ఆ... బ్... బ..."

జైనాబీ వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. మనోరమాబాయిగారు నా వెనక నిలబడి మెల్లగా, "వరస వదులకు. మాట వదులు," అన్నారు.

మానిక ముంచాను. ఈసారి మాట పలకలేదు. నోరు మూసుకుని వరస ఒక్కటే తీశాను. గొంతు ఎక్కింది, జారింది, మళ్ళీ ఎక్కింది. ఆయన పెదవులు వణుకుతున్నాయి. నా నాలుక చివర "లాభం" సిద్ధంగా ఉంది, దాన్ని పళ్ళతో పట్టుకున్నాను. కందులు పంచె మీద జలజలా రాలుతుండగా ఆ చప్పుడు మీదుగా బొంగురు గొంతు ఒకటి లేచింది.

"బర్... బర్కత్... బర్కత్... బర్కతోయ్ బర్కత్..."

నేను ఆపకుండా రెండో మానిక ముంచాను. "రెండు, రెండు, రెండోయ్ రెండు..." మూడు. నాలుగు. అంకెలన్నీ వరసగా వచ్చేస్తున్నాయి, తలుపు తీస్తే జనం వచ్చినట్టు. కుప్ప అయిపోయింది. ఆయన గొంతు ఆగలేదు. ఉత్త మానికతో కొలుస్తూ పోయాను. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. నర్సమ్మ చీమల సంగతి మరిచిపోయింది. జైనాబీ నేలమీద కూర్చుండిపోయి ఏడుస్తూ, నవ్వుతూ నన్ను తిట్టింది.

"లాభమేందమ్మా, లాభం! ఇక్కడ ముందుగాల బర్కత్ అంటరు, దేవుని దీవెన అడుగుతరు. మీ దిక్కు మొదటి మానికకే లాభం కావాల్నా? గంత తొందరనా?"

ఆ పూట తెనాలి వ్యాపారుల పరువు వార్డు మొత్తం ముందు పోయింది. పోనివ్వండి.

దారి దొరికింది, అంతే

ఆ సాయంత్రం నేను నేలమీద నడవలేదు. మనోరమాబాయిగారే నన్ను కిందికి దింపారు. "నయమైండు అనకు. తొవ్వ దొరికింది, గంతే. ఆయన పేరేందో అడుగు చూద్దాం."

అడిగాను. "బర్కత్," అన్నాడు మదార్ సాహెబు. నీళ్ళు కావాలా అంటే, "రెండు." ఏడు అనమంటే బర్కత్ దగ్గర్నుంచి ఎత్తుకుని ఏడు దాకా రావాలి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి. లెక్క పాటగా వచ్చింది గానీ మాటగా రాలేదు. దుకాణంలో మధ్యలో ఎవరో పలకరిస్తారు, ఎవరో వాదిస్తారు. ఆగి, మళ్ళీ అదే అంకె దగ్గర అందుకోవాలి.

దానికి అందరం చెయ్యి వేశాం. రంగాచారి ఫిడేలు మీద ఆ వరస పట్టి ఆయన గొంతు కింద ఉంచేవాడు. రోజురోజుకీ కాస్త ముందుగా కమాను ఎత్తేసేవాడు, ఆయన ఒంటరిగా నడవాలని. వార్డులో వినడానికి ఏముందన్న మనిషే, ఇప్పుడు మదార్ సాహెబు ఊపిరి తీసే చోటు కోసం కళ్ళు మూసుకుని కాచుకునేవాడు. నేను కొలత మధ్యలో కావాలని గొడవపెట్టేదాన్ని. "ఇదేం కొలత? మానిక నిండలేదు!" ఆయన కోపంగా చూసి, ఎడమచేతి వేలితో మానిక అంచు మీద తట్టి, అదే అంకె మళ్ళీ అందుకోవడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత అదే వరసలో "నీళ్ళు, నీళ్ళు, నీళ్ళోయ్ నీళ్ళు" వచ్చింది. "జైనా, జైనా, జైనోయ్ జైనా" వచ్చింది. ఆ రోజు జైనాబీ టిఫిను డబ్బా విప్పడం మరిచిపోయి, అలాగే ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

అయినా వరస లేకుండా ఒక్క మాటా రాలేదు. దీపావళి వచ్చేసింది.

రాజయ్య సేటు దుకాణం

రాంగోపాల్‌పేట్‌లో దుకాణాలన్నిటికీ బంతిపూల దండలు కట్టారు. రాజయ్య సేటు కొత్త పంచె కట్టుకుని గద్దె మీద ఉన్నాడు. కందుల కుప్ప ముందు మదార్ సాహెబు ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. జైనాబీ వీధి అవతల నిలబడింది, దగ్గరికి రానంది. బోణీ బేరం నాదేనని నేను ముందే చెప్పి ఉంచాను. నా వెనక మనోరమాబాయిగారూ, అత్తయ్యా, ఫిడేలు లేకుండా మొదటిసారి కనబడిన రంగాచారీ.

సేటు ధర చెప్పాడు. పండగ కదా, ఒకసారికి ఒప్పుకుందామనుకున్నాను. నోరు ఒప్పుకోలేదు. ఆయన చెప్పింది హాలీలోనో, కల్దార్‌లోనో ముందు తేల్చుకుని మరీ దిగాను. సేటు దేవుడి పటాలన్నిటి మీదా ఒట్టు వేశాక ఎనిమిది మానికలకి బేరం కుదిరింది.

మదార్ సాహెబు మానిక ముంచాడు. "బర్కత్... బర్కత్... బర్కతోయ్ బర్కత్..."

గొంతు చిన్నదే. కానీ వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. రెండు. మూడు. సేటు తల ఊపుతున్నాడు. ఆరో మానిక నా సంచిలో పడింది. ఏడోది కుప్పలోంచి లేచింది. అంకె రాలేదు.

మానిక గాల్లో ఆగింది. ఆయన పెదవులు కదిలాయి, మూసుకున్నాయి. సేటు మొహంలో ఏదో మారింది, చెడ్డవాడు కాదు గనక కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. వీధి అవతల జైనాబీ గోడని ఆనుకుంది. నా నోట్లో ఏడు సిద్ధంగా ఉంది. అందిస్తే అయిపోతుంది. అందిస్తే నిజంగా అయిపోతుంది. మనోరమాబాయిగారి చెయ్యి నా మణికట్టు మీద పడింది. అక్కర్లేదు. నేను అప్పటికే పళ్ళు బిగించాను.

టక్. మానిక అంచు మీద వేలు. టక్. టక్.

"ఏడు... ఏడు... ఏడోయ్ ఏడు!"

ఎనిమిది చెప్పేటప్పుడు ఆయన గొంతు దుకాణం దాటి వీధి చివరికి వెళ్ళింది.

సేటు గద్దె దిగాడు. "రేపు రమ్మందామనుకున్న. రేపెందుకు, ఇయ్యాల్టి సంది ఇక్కడనే కూసో మదారన్నా," అన్నాడు. రంగాచారి ఎందుకో పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఇక్కడితో నేను కళ్ళు తుడుచుకుని సంచి కట్టుకుని వచ్చేస్తే బాగుండేది. కానీ కొలత అయ్యాక సంచి నోరు ఇంకా తెరిచే పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. "మరి కొసరు?" అన్నాను.

కొసరంటే పైన వేసే గుప్పెడు. బోణీ బేరానికి, అదీ పండగనాడు, కాదనేవాడు ఉండడు. మదార్ సాహెబు కుప్పని చూశాడు. సేటుని చూశాడు. నన్ను చూశాడు. మానికని బోర్లించి కుప్ప మీద పెట్టాడు.

"లేదు."

పాట లేదు, వరస లేదు. మామూలు మనుషులు మామూలుగా అన్నట్టు. ఆయనే, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు, బోర్లించిన మానిక కేసి చూశాడు. తర్వాత నా సంచి వైపు గడ్డం చూపించి, మెల్లగా, మాట తర్వాత మాట పేర్చుకుంటూ అన్నాడు.

"బేరం... ఆడినవ్ గద... బిడ్డా."

దుకాణం ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తయ్య. మనోరమాబాయిగారు మాత్రం నవ్వకుండా నా చెవి దగ్గరికి వంగి, "విన్నవా? రాగం లేదు," అన్నారు. విన్నాను. నా జన్మలో నాకు ఎవరూ అంత మంచి ధర చెప్పలేదు.

తెనాలి వచ్చాక మా నాన్న ఆ కందులని మా మానికతో మళ్ళీ కొలిచాడు. కొలవకుండా ఉండలేడు. సరిగ్గా ఎనిమిది, గింజ ఎక్కువ లేదు. "కొసరు వేయించుకోలేదుటే?" అన్నాడు.

"అడిగాను నాన్నా. లేదన్నాడు," అన్నాను.

ఆయన మానిక కింద పెట్టి నా మొహం కేసి చూశాడు. "కొసరు రానందుకు ఇంత సంతోషించే పిల్లని నేను పెంచలేదే!" అన్నాడు.